అక్క దగ్గర ఉంచిన అలుపు

మ్యాచ్ ఉన్న రోజు ఇంటి పనులు పెందలాడే తెమిలిపోవాలి. గిన్నెలు తోమి బోర్లించి, ఆరిన బట్టలు మడతపెట్టి, పెద్దది కిటికీ పక్కకు పేము కుర్చీ లాక్కుని కూర్చునేది. చేతికందే దూరంలో తువ్వాలు, చెంబుతో నీళ్లు. పాదాల దగ్గర చన్నీళ్ల టబ్బు. తల్లి వచ్చి కుర్చీ కింద పాత గోనెసంచి పరిచేది. చెమట నేల మీద పడితే మరక ఓ పట్టాన పోదు.

కింద వాటాలో ఉండే మేనమామ అప్పటికే పైకొచ్చి టీవీ ముందు బైఠాయించి ఉండేవాడు. ఆయనకు టైర్ల దుకాణం. మ్యాచ్ రోజు దుకాణం మూసేసేవాడు గానీ, చేతుల నలుపు మాత్రం వెంట తెచ్చుకునేవాడు.

"దిగుతున్నారు. తయారేనా అమ్మాయ్?"

"తయారు కాకపోతే ఆట ఆపిస్తావా మామయ్యా?"

అక్కడ ఈల మోగేది. ఎన్ని సముద్రాల అవతలో ఆమె తమ్ముడు చిన్నోడు పరుగందుకునేవాడు. ఇక్కడ పెద్దదాని నుదుటి మీద చెమట పోసేది. వాడు కుడి అంచు వెంట బంతి తన్నుకుంటూ దూసుకుపోతుంటే, టీవీలో వాడి నోరు మూసే ఉండేది. ఆయాసం కుర్చీలో ఈమెకు. సగం ఆటయ్యేసరికి తువ్వాలు పిండాల్సి వచ్చేది. దెబ్బలు మాత్రం వాడివే. మోకాలు దోక్కుపోయినా పెదవి చిట్లినా ఆ నొప్పి వాడే పడేవాడు. ఈమెది అలుపొక్కటే.

పక్కింటావిడ గిన్నె పట్టుకుని గుమ్మంలోకొచ్చి, లోపలికి తొంగిచూసి, "ఓ, ఇవాళ మ్యాచా? పంచదారకి రేపొస్తాలెండి," అని వెళ్లిపోయేది.

ఆట అదనపు సమయానికి పోతే మేనమామ ఆ ముక్క పైకి అనేవాడు కాదు. టీవీ గొంతు కాస్త తగ్గించేవాడు. పెద్దది కళ్లు తెరవకుండానే, "ఇంకా ఎంతసేపట?" అనేది.

"ఒక్క పిసరు."

"నీ పిసరు సంగతి నాకు తెలీదా."

ఇదంతా బడి మైదానంలో మొదలైంది. చిన్నోడు ఆటలోకి దిగేముందు సంచీ, చొక్కా, వాచీ అన్నీ అక్క చేతిలో పెట్టేవాడు. "కాసేపు పట్టుకో అక్కా." ఒకరోజు ఎండ మాడ్చేస్తోంది. వాడు మధ్యలో పరుగాపి, సున్నపు గీత దాకా వచ్చి, రొప్పుతూ, తన అలుపు కూడా తీసి ఇచ్చాడు. "ఇదీ పట్టుకో. ఇప్పుడే వస్తా." ఆమె ఒళ్లో ఉన్న సంచీ మీద దాన్నీ పెట్టుకుంది. వాడు పోయి వరసగా గోల్స్ కొట్టాడు. ఆ రోజుల్లో పిల్లలకు ఆట నేర్పే మేనమామ గీత బయట గెంతులేశాడు. ఇంటికొచ్చాక వాడు సంచీ, చొక్కా, వాచీతో పాటు అలుపూ తీసుకుని, కంచం ముందు కూర్చునే నిద్రపోయాడు. పిల్లలన్నాక ఒకరి వస్తువులు ఒకరు మోస్తారు. ఏ పూటకాపూట ఎవరివి వాళ్లకి చేరుతూనే ఉండేవి.

చేరకుండా పోయింది వాడు విదేశీ క్లబ్బుకి బయల్దేరినప్పుడు. ఆ పొరపాటు తల్లిది.

ఆమె పార్శిల్ ఆఫీసులో కౌంటర్ దగ్గర పనిచేస్తుంది. కౌంటర్ మీదుగా ఎవరేం చాచినా అందుకోవడం, కాటా మీద పెట్టడం, బరువు ఎక్కువైతే ఏం తీసెయ్యాలో చెప్పడం ఆమె పని. ప్రయాణం ముందు చిన్నోడి పెట్టెను కూడా ఆఫీసుకి తెప్పించి కాటా మీద పెట్టింది. విమానంవాళ్లు ఒప్పుకునేదానికంటే ఎక్కువుంది. దుప్పటి తీసింది. రెండో జత బూట్లు తీసింది. ముల్లు కదల్లేదు. అడుగుదాకా చెయ్యిపెట్టి వెతికి, చొక్కాల మడతల మధ్య వాడు పెట్టుకున్న అలుపును బయటికి లాగింది.

"ఇదిరా బరువంతా. ఇదెందుకిప్పుడు? అక్క దగ్గరుంచు. సెలవులకొచ్చినప్పుడు పట్టుకెళ్దువుగాని."

"పెట్టనా అక్కా?"

"పెట్టు. ఎప్పుడూ పట్టుకునేదేగా."

ముల్లు వెనక్కొచ్చి గీత మీద ఆగింది. పని చక్కగా కుదిరినందుకు తల్లికి ఆ క్షణాన సంతోషమే కలిగింది.

వాడు సెలవులకి వచ్చేవాడు. కాని సెలవు సగంలోనే క్లబ్బు నుంచి ఫోనొచ్చేది. "ఈ సీజను కానీ అక్కా. ఇదొక్కటే," అనేవాడు. కొన్నాళ్లకు ఆ మాట అనడం కూడా మానేశాడు.

మొదట వాడు ఆడింది మంచు కురిసే చిన్న ఊళ్లో. ఆట ఆఖర్లో అందరూ కాళ్లీడుస్తుంటే వీడొక్కడు అప్పుడే దిగినవాడిలా పరుగెత్తేవాడు. ఆ పరుగు చూసే పెద్ద క్లబ్బువాళ్లు తీసుకున్నారు, తరువాత ఇంకా పెద్ద క్లబ్బువాళ్లు. వాడికి 'మోటారు' అని పేరు పెట్టారు. కొత్త క్లబ్బులో చేరినప్పుడల్లా డాక్టరు గుండె చూసి, ఊపిరి చూసి, "అలుపెక్కడ పెట్టావు?" అని అడిగేవాడట. "ఇంట్లో, మా అక్క దగ్గర," అనేవాడు వీడు. "ఇంటివాళ్ల దగ్గరైతే ఫర్వాలేదు," అని డాక్టరు సంతకం పెట్టేవాడట. వాడి నంబరున్న చొక్కాలేసుకుని వీధిలో పిల్లలు తిరిగేవాళ్లు. మేనమామ పెద్దదానికీ ఒకటి తెచ్చిచ్చాడు. చెమట బాగా పీలుస్తోందని ఆమె దాన్ని తువ్వాలు బదులు వాడుకుంది.

పెద్దదానికి బస్సు నడపాలని కోరిక. చిన్నప్పుడు బస్సెక్కితే డ్రైవరు వెనక సీటు తప్ప ఇంకో సీటులో కూర్చునేది కాదు. పెద్దయ్యాక డిపోలో శిక్షణకు చేరింది. నేర్పే డ్రైవరు తల నెరిసిన మనిషి, మెచ్చుకోవడం ఆయన వంట్లోనే లేదు. అలాంటివాడు ఒకరోజు, "నువ్వు గేరు మారుస్తుంటే నాకు కునుకు పడుతోందమ్మా," అన్నాడు. ఆ మాట చెప్పుకుని ఆమె వారం రోజులు నవ్వుకుంది.

కాని పరీక్ష రెండుసార్లు పోయింది. మొదటిసారి, ముందురోజు వాడి మ్యాచ్ పెనాల్టీల దాకా సాగింది. పొద్దున బ్రేకు మీదికి ఈమె కాలు ఆలస్యంగా వెళ్లింది. రెండోసారి, వానకు ఆగిపోయిన మ్యాచ్ ఒకటి అక్కడ సరిగ్గా ఈమె పరీక్ష మధ్యలో మళ్లీ మొదలైంది. ఈమె బస్సును జాగ్రత్తగా పక్కకు తీసి ఆపి, స్టీరింగ్ మీద తల వాల్చింది.

ఇన్‌స్పెక్టరు మర్యాదస్తుడు. "ఎవరిదమ్మా?" అని అడిగాడు.

"మా తమ్ముడిది సార్."

"బాగా ఆడుతున్నట్టున్నాడు. కాని వెనక బస్సునిండా జనం కూర్చుంటారు కదమ్మా," అని, ఆమె కోలుకునేదాకా పక్కనే కూర్చుని, తప్పినట్టు రాసుకుని వెళ్లాడు.

మూడోసారి తేదీ తెలిసిన రోజు ఆమె ఇంటికొచ్చి, చెప్పులు విడిచి, గోడకానుకుని నిలబడింది.

"పరీక్ష పడిందమ్మా."

"ఎప్పుడూ?"

"ఫైనల్ రోజు. అదే వేళకి."

టీ తాగుతున్న మేనమామ గ్లాసు దించాడు. చిన్నోడి క్లబ్బు పెద్ద కప్పు ఫైనల్‌కి చేరడం అదే మొదలు. వాడికి ముప్పై దాటాయి. ఆ ఆటలో మెరిస్తేనే క్లబ్బు మళ్లీ ఉంచుకుంటుంది, లేకపోతే దండం పెట్టి పంపేస్తుంది. ఇదంతా ఆ ఇంట్లో అందరికీ కంఠతా వచ్చు.

"తేదీ మార్పించుకోరాదుటే?"

"ఇదే ఆఖరు మామయ్యా. ఇది దాటితే వయసైపోయిందని తీసుకోరు."

"ఓస్, అంతేనా. ఆ పూట నేను పట్టుకుంటా. ఏదీ, ఇలా తే చూద్దాం."

ఆమె ఇచ్చింది. అక్కడ వాడు ప్రాక్టీసులో ఉన్న వేళ అది. మేనమామ దాన్ని ఒళ్లో పెట్టుకుని కాసేపు బింకంగా కూర్చున్నాడు. మీసాల మీంచి చెమట కారింది. ఇంకాసేపటికి, "అక్కా, నా చెప్పులెక్కడ?" అన్నాడు. అవి కాళ్లకే ఉన్నాయి. టీ చల్లారకముందే అలుపు తిరిగిచ్చేశాడు.

"ప్రాక్టీసే ఇట్లా ఉంటే! ఆట రోజైతే నన్ను నలుగురు మోసుకెళ్లాల్సిందే."

"అశుభం మాటలూ నువ్వూ," అంది తల్లి. "ఆ ఒక్కపూటా నేనుంచుకుంటాలే."

పెద్దది అలుపును ఒళ్లో సర్దుకుంది. గొంతు పెంచలేదు. "నువ్వెందుకమ్మా? ఇది నీదీ కాదు, నాదీ కాదు. వాడిది వాడికిచ్చెయ్."

"ఫైనల్ ముందా!" అన్నాడు మేనమామ. "పిల్లాడి నోటికాడ కూడు తీసేస్తావా? అయ్యాక ఇద్దువుగాని. ఒక్క ఆటే కదే!"

పెద్దది ఆయన వైపు చూసింది. ఆయన టీ అందుకున్నాడు.

పార్శిల్ ఆఫీసులో వెనక గదిలో ఒక అర ఉంది. ఎవరూ వచ్చి తీసుకోని మూటలు అందులోకి చేరతాయి. కొన్నాళ్లు వాటి మీద పేర్లు కనిపిస్తాయి. ఆ తరువాత దుమ్మే. తల్లి మర్నాడు ఆ గదిలోకి వెళ్లకుండా పనంతా చేసుకుని, మేనేజరు దగ్గరికెళ్లి సెలవడిగింది. అలుపు పార్శిల్లో పోదు. ఇచ్చే చెయ్యీ పుచ్చుకునే చెయ్యీ ఎదురెదురుగా ఉండాలి.

బయల్దేరే పొద్దున తల్లి చేతులు చాచింది. పెద్దది ఇచ్చింది. ఇచ్చి, కుర్చీలోంచి లేచి, గదిలో ఈ చివరినుంచి ఆ చివరికి నడిచింది. వెనక్కి తిరిగి మళ్లీ నడిచింది.

"ఈ గది ఇంత చిన్నదా!" అంది.

విమానాశ్రయంలో కౌంటర్ అమ్మాయి తల్లి చేతిలోనిదాన్ని చూసి, "అదేమిటండీ?" అంది.

"మా అబ్బాయి అలుపమ్మా."

"అయితే సామానులో వెయ్యకండి, నలిగిపోతుంది. మీ దగ్గరే ఉంచుకోండి," అని దానికో చీటీ కట్టింది. తల్లికి ఆ ముడి నచ్చలేదు. పక్కకెళ్లి విప్పి, తన ఆఫీసులో కట్టినట్టు రెండు మెలికలేసి కట్టుకుంది. దారిలో వాడు ప్రాక్టీసుకు దిగినప్పుడల్లా ఆమెకు ఆయాసమొచ్చింది. పక్కసీటాయన నెత్తిమీద గాలి గొట్టం ఆమె వైపు తిప్పి, తన పేపరు తను చదువుకున్నాడు.

చిన్నోడు ఎదురొచ్చాడు. వాడి ఇల్లు పెద్ద మేడలో ఎత్తున ఉంది. లోపలికెళ్లి తల్లి తన అలవాటు కొద్దీ అంతా కలియజూసింది. కిటికీ అద్దాలు కడిగి కడిగి ఉన్నట్టే లేవు. చెంచాలు పొడుగును బట్టి వరసగా పడుకుని ఉన్నాయి. తలుపు బందులకు నూనె పెట్టి ఉంది. బీరువాలో చొక్కాల గుండీలన్నీ ఊడదీసి కొత్త దారంతో మళ్లీ కుట్టి ఉన్నాయి. పడకగదిలో మంచమంత పరుపు, దాని మీద అంగడి నుంచి వచ్చినప్పటి ప్లాస్టిక్ తొడుగు.

"పరుపు ఎప్పుడు కొన్నావురా?"

"ఇల్లు తీసుకున్నప్పుడే."

"తొడుగు తియ్యలేదేం?"

"పడుకోను కదమ్మా." టీలో పంచదార వేసుకోను అన్నంత మామూలుగా అన్నాడు. "అలుపు లేనిదే నిద్రెట్లా వస్తుంది? మొదట్లో కళ్లు మూసుకుని చూశా. తరవాత కుట్టుపని నేర్చుకున్నా."

తల్లి ఒక గుండీ పట్టుకుని లాగి చూసింది. ఊడలేదు. సంచీలోంచి అలుపు తీసి బల్ల మీద, ఇద్దరి మధ్యా పెట్టింది.

వాడు చూసి గుర్తుపట్టలేదు. తరువాత గుర్తుపట్టి, కుర్చీ కాస్త వెనక్కి జరుపుకున్నాడు.

"ఇప్పుడా అమ్మా? ఫైనల్ కానీ. ఈ ఒక్క ఆట."

"ఆ రోజు అక్కకి పరీక్షుంది."

"ఏం పరీక్ష?"

"బస్సు."

"అక్క బస్సు నేర్చుకుంటోందా! ఎప్పట్నుంచి?"

"చాన్నాళ్లైంది. రెండుసార్లు తప్పింది కూడా."

"అక్క బాగా నడపాలే. ఎందుకు తప్పింది?"

తల్లి వాడి మొహంలోకి చూస్తూ కూర్చుంది. వాడికి అర్థం కావడానికి కాసేపు పట్టింది. అర్థమయ్యాక కిటికీ వైపు తిరిగాడు.

"నాకు చెప్పలేదు," అన్నాడు.

"నువ్వడిగావా?"

కింద వీధిలో ట్రాము వెళ్లిన చప్పుడైంది. వాడు చేతులు రెండూ ప్యాంటుకు తుడుచుకుని, బల్ల మీదికి చాచాడు.

"చీటీ నువ్వే కట్టావా?"

"ఆఁ."

"ముడి చూసి అనుకున్నా."

విప్పి తీసుకున్నాడు. తీసుకుని లేవబోయాడు, లేవలేకపోయాడు. పట్టపగలు, చొక్కా కూడా మార్చుకోకుండా, తల్లి భుజం ఆసరాగా నడిచి మంచం దాకా వెళ్లాడు. ప్లాస్టిక్ తొడుగు పటపటమంది. "అమ్మా, ఇది..." అన్నాడు, మాట పూర్తి కాలేదు. బడి రోజుల్లోలాగే నోరు తెరుచుకుని నిద్రపోయాడు. క్లబ్బు వాళ్లు ఫోను చేశారు. అది మోగి మోగి ఆగింది. తల్లి వాడి కాళ్లకున్న బూట్లు విప్పి, జతగా మంచం కింద పెట్టింది.

ఫైనల్ మధ్యాహ్నం మొదలైంది. ఇంటి దగ్గర అప్పటికి పొద్దు వాలుతోంది. లైట్లేసుకుని నడపడం కూడా చూస్తారని పెద్దదాని పరీక్ష ఆ వేళకి పెట్టారు. మైదానంలో కుటుంబాలు కూర్చునే వరస గీతకు దగ్గరగా ఉంది. తల్లికి మొదటి కుర్చీ ఇచ్చారు.

మొదటి సగమంతా వాడు పాత వాడిలాగే ఆడాడు. రెండో సగంలో ఒకసారి బంతి వెంట చాలా దూరం పోయి, అందుకోలేక, ఆగాడు. వంగి రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకున్నాడు. ఆ దేశంలో వాడలా నిలబడగా చూసినవాళ్లు లేరు. పాడుతున్న జనం పాట ఆపారు. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. చెమట గడ్డం మీంచి గడ్డిలోకి కారుతోంది.

వాడు తలెత్తి గీత వైపు చూశాడు. వరసలో తల్లి కనిపించింది. ఏమీ ఆలోచించకుండా, బడి మైదానంలో చేసినట్టే, రెండడుగులు ఇటు వేసి చెయ్యి ముందుకు చాచాడు.

తల్లి చేతులు లేచాయి. ఎవరేం చాచినా అందుకోవడం వాటికి ఇన్నేళ్ల అలవాటు. ఒళ్లోంచి లేచి, ముందున్న ఇనప కమ్మీ దాకా వెళ్లాయి. కమ్మీ చల్లగా తగిలింది.

ఆమె చేతులు వెనక్కి తీసుకుంది. తొడల కింద పెట్టుకుని, వాటి మీద కూర్చుంది. తన బరువంతా వేసి కూర్చుంది.

వాడు చాచిన చెయ్యి కాసేపు అలాగే ఉంది. తరువాత ఆ చేత్తోనే మొహం తుడుచుకున్నాడు. నవ్వాడో, ఊపిరే అలా వదిలాడో ఆమెకు తెలియలేదు. వెనక్కి తిరిగి, పరుగెత్తకుండా నడుచుకుంటూ తన చోటికి వెళ్లాడు. ఇంకాసేపటికి కోచ్ వాడిని బయటికి పిలిచి, బదులు ఇంకొకణ్ణి దింపాడు. వాడు బల్ల మీద కూర్చుని, నీళ్లు తాగి, అక్కడే, అంతమంది జనం ముందు, పక్కవాడి భుజం మీద తల పెట్టి నిద్రపోయాడు. పక్కవాడు కదలకుండా కూర్చున్నాడు. గోల్ పడి అందరూ లేచి అరిచినప్పుడు కూడా ఆ పక్కవాడొక్కడు కూర్చునే ఉన్నాడు.

మ్యాచ్ అయ్యాక మేనమామ ఫోను చేశాడు.

"ఏంటక్కా వాడు? నడిచాడు! నా కళ్లతో చూశా, నడిచాడు!"

"అలిసిపోయాడు."

"కప్పు గెలిచారు గానీ, వీడి పేరు ఒక్కడెత్తితే ఒట్టు. ఇంక వాళ్లుంచుకోరు, రాసిపెట్టుకో."

"పెద్దదేది?"

అవతల టీవీ మోత ఆగింది. తరువాత ఆయన గొంతు మారింది. "వచ్చింది. ఇప్పుడే వచ్చింది. ఇన్‌స్పెక్టరు బస్సు దిగకుండా, ఇంకో చుట్టు తిప్పమన్నాట్ట. ఎందుకు సార్ అంటే, పరీక్షైపోయింది, నువ్వు పాసే, ఊరికే కూర్చుందామని, అన్నాట్ట."

మేనమామ అన్నట్టే క్లబ్బు వాడిని ఉంచుకోలేదు. ఇంకో దేశంలో, మళ్లీ ఓ చిన్న ఊళ్లో, చిన్న క్లబ్బులో చేరాడు. అక్కడ వాడికి మోటారన్న పేరు లేదు. సగం ఆట ఆడతాడు. పరుగెత్తాల్సిన చోట నిలబడి, బంతిని పరుగెత్తించడం నేర్చుకున్నాడు. డాక్టరు అలుపెక్కడని అడిగితే, "తెచ్చుకున్నాను," అని చూపించాడట. అక్క పొద్దున్నే ఫోను చేస్తే చాలాసార్లు ఎత్తడు. పడుకుని ఉంటాడు.

పెద్దదానికి ఊరి అంచుదాకా వెళ్లే పొడుగాటి రూటు ఇచ్చారు. ఒక సాయంత్రం డ్యూటీ దిగి వచ్చి, తాళాలు మేకుకు తగిలించి, పేము కుర్చీలో కూలబడింది. కళ్లు మూసుకుంది. మెడ మీద చెమట.

వంటింట్లోంచి వచ్చిన తల్లి గుమ్మంలోనే ఆగిపోయింది. గోడకున్న క్యాలెండరు వైపు చూసింది.

"ఇవాళ మ్యాచ్ లేదుగా?"

"లేదు."

"మరి ఎవరిదే?"

పెద్దది కళ్లు తెరవలేదు. "నాదేనమ్మా."

తల్లి దగ్గరికొచ్చి, అలవాటు కొద్దీ చెయ్యి చాచింది. "ఇలా తే, కాసేపు పట్టుకుంటా."

"వద్దు," అంది పెద్దది, దాన్ని రెండు చేతులతో పొట్టకు హత్తుకుని. "ఇప్పుడే వచ్చింది. ఉండనీ."